వెనక సీటు

“ఆదివారం గుజరీవాడొస్తాడు. ఆ టార్పాలిన్ తీసి, కారు చుట్టూ కాస్త ఊడ్చి పెట్టు” అన్నాడు టైటస్, ఇడ్లీ మీద చట్నీ వేసుకుంటూ.

యూనీస్ అప్పుడే రెండో వాయి దించుతోంది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ ఇంట్లో ఆమెకు అందిన కబుర్లు చాలావరకు ఇలాంటివే. ఎవరో వస్తారు, ఆమె ఊడ్చి పెట్టాలి. పాస్టరయ్య వస్తాడు, ఊడ్చి పెట్టు. గ్యాసువాడు వస్తాడు, ఊడ్చి పెట్టు. ఇప్పుడు పాత ఇనుము కొనేవాడికి కూడా ఆ మర్యాద దక్కబోతోంది. ఆమె ఇడ్లీలు పళ్లెంలోకి తీసి, చెయ్యి తుడుచుకుని, “గుజరీకి ఇయ్యొద్దు. నేను బాగు చేస్తా” అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే అనుమానం కలిగింది.

టైటస్ నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. మనిషీ చెడ్డవాడు కాదు. నీటిపారుదల ఆఫీసులో గుమాస్తా, తాగడు, అరవడు, తిన్న పళ్లెం మాత్రం తీయడు. “నీ జీన్స్ మిషన్లు తిప్పినంత సుళువనుకుంటివా ఏంది? ఎనిమిదేండ్లాయ కదలక. ఇంజన్ బిగుసుకోని రాయి అయింటాది” అన్నాడు.

గుమ్మం దగ్గర బియ్యం ఏరుతున్న అత్తగారు సరోజమ్మ అప్పుడు నోరు విప్పింది. “బండి నా పేరున ఉండాది గదప్పా. నేను గుజరీకి ఇయ్యను” అంది, చేటలోంచి తల ఎత్తకుండానే. తండ్రి పోయినప్పుడు పెన్షన్ కాగితాలతో పాటు కారు కాగితాలూ అమ్మ పేరుకు మార్పించింది తానేనన్న సంగతి టైటస్‌కు అప్పుడు గుర్తొచ్చింది. ఇడ్లీ తిని ఆఫీసుకు పోయాడు.

బ్రూస్‌పేటలోని ఆ ఇంటి పెరట్లో టార్పాలిన్ కింద పడున్నది మామగారు హనోకు తొంభై ఏడులో కొన్న తెల్ల జెన్. చిన్న కారే గానీ ఆ రోజుల్లో బళ్లారి కుర్రకారు దాన్ని చూసి లొట్టలేసేవారు. పెద్ద పెద్ద బండ్లను వెనకేసి పోయే పొగరు దానికుండేది. మిషన్ బడి హెడ్మాస్టరైన హనోకు గారు ఆ పొగరును జన్మలో నలభై దాటనివ్వలేదు. ఆ కారులో ఒక కట్టుబాటు కూడా ఉండేది. ముందు సీటు మగవాళ్లది. కొడుకో, పాస్టరయ్యో, దారిలో చెయ్యెత్తిన ఊరివాడో అందులో కూర్చునేవారు. మగవాడెవడూ లేనినాడు ఆయన తోలు సంచీ కూర్చునేది. అవును, సంచీయే. బైబిలు, పాటల పుస్తకం, కళ్లజోడు ఉన్న ఆ సంచీ దర్జాగా ముందు సీట్లో ఊరేగుతుంటే, వెనకాల ఓ పక్క సరోజమ్మ, ఓ పక్క యూనీస్, ఇద్దరి ఒళ్లలోనూ గిన్నెలు. ఏటా హచ్చొళ్ళి ఊళ్లో చుట్టాల చర్చి సంఘం చేసే కోత పండుగకు వాళ్ల ప్రయాణం అలాగే సాగేది. ఒకసారి కారు గుంతలో పడి వేడి చారు ఒలికింది. “సీటు పాడాయ గదమ్మా, సల్ప జాగ్రత్తగా పట్టుకోవల్ల” అన్నారు మామగారు. చారు సీటు మీద పడేముందు యూనీస్ తొడల మీద పడిన సంగతి ఎవరూ అడగలేదు. ఆ మాట పదిహేనేళ్లయినా ఆమెకు చల్లారలేదు.

ఆమెకు కావలసింది పెద్దదేమీ కాదు. ఐదేళ్ల కిందట పనిచేసే చోట తోటి ఆడవాళ్లతో కలిసి డ్రైవింగ్ నేర్చుకుని తెచ్చుకున్న లైసెన్సు ఒకటి బీరువాలో చీరల కింద ఉంది. ఈసారి కోత పండుగకు ఆ కారును తన చేత్తో తోలుకుంటూ హచ్చొళ్ళి పోవాలి. అంతే. వింటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

జీన్స్ మిషన్ల సంగతి టైటస్ తేలిగ్గా అన్నాడు గానీ, పన్నెండేళ్లుగా యూనీస్ చేతికి తెలిసిన విద్య అదే. ఆమె జీన్స్ కుట్టే యూనిట్లో లైన్ సూపర్‌వైజర్. మెకానిక్ అనే పేరు మాత్రం వారానికోసారి వచ్చిపోయే ఇంకొకాయనది. మిగతా రోజుల్లో మిషన్ కుట్టు వదిలేస్తే ఓనరు గాజు గదిలోంచి తల బయటపెట్టి, “మేడమ్, మెకానిక్ వచ్చేలోపల మీరు సుమ్నె ఒకసారి చూడండి” అంటాడు. ఆమె సుమ్నె, అంటే ఊరికే, చూస్తుంది. చూడడమంటే మిషన్ విప్పి, సూది పైకి లేచే క్షణానికి కింద హుక్ వచ్చి దారం అందుకునేలా సరిచేసి, నూనె వేసి, మళ్లీ బిగించడం. వారాంతంలో మెకానిక్ వచ్చి, అన్నీ బాగానే ఉన్నాయని పుస్తకంలో సంతకం పెట్టి, టీ తాగి పోతాడు. ఆ టీ చెప్పేది కూడా మేడమే.

ఆ వీధి చివర పంపన్న ఉంటాడు. షెడ్డు కొడుకుల చేతికిచ్చి ఇంట్లో కూర్చున్న పాత మెకానిక్. చేతులు వణుకుతాయి గానీ బుర్ర వణకదు. యూనీస్ పోయి అడిగితే కర్ర పట్టుకుని వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, బానెట్ మీద అరచెయ్యి పెట్టి, “సూజిమెణసు తాయీ ఇది, సన్న మిరపకాయ. చిన్నదని నోట్లో వేసుకుంటే తెలుస్తాది. నా చేతులైతే రావు. నేను చెప్తా, నువ్వు చెయ్యి” అన్నాడు.

అలా జూన్‌లో మొదలైంది పని. ఆదివారం గుడి అయ్యాక మధ్యాహ్నాలు, యూనిట్ సెలవు రోజులు. ప్లగ్గులు విప్పి సిలిండర్లలో నూనె పోసి వారం రోజులు నాననిచ్చి, పెద్ద స్పానర్‌తో తిప్పితే ఇంజన్ ఒక్క మూలుగు మూలిగి కదిలింది. రాయి కాలేదన్నమాట. తలుపుల అడుగున దోసిళ్ల కొద్దీ ఎర్రమట్టి. గనుల లారీలు తిరిగిన కాలపు దుమ్మంతా అక్కడే పేరుకుంది. కార్బురేటర్ విప్పినరోజు టైటస్ కూడా వచ్చి నిలబడ్డాడు. సన్నటి రంధ్రం పూడిపోయి ఉంటే, “గుండుసూదితో పొడవకూడదా?” అన్నాడు. “సుమ్నె ఉండప్పా, బొక్క పెద్దదైతే పెట్రోలు తాగి సస్తాది” అన్నాడు పంపన్న. యూనీస్ పాత బ్రష్షులోంచి నైలాను పోగు ఒకటి పీకి దానితో శుభ్రం చేసింది. టైటస్ కాసేపు చూసి, కాఫీ ఎవరు పెడతారో తెలియక లోపలికీ బయటికీ రెండుసార్లు తిరిగి, పేపరు తీసుకున్నాడు.

టైమింగ్ బెల్టు మార్చిన రోజు మాత్రం ఆమె ఎప్పటికీ మర్చిపోదు. ఈ గీతకు ఆ గీత ఎదురు రావాలని పంపన్న చెబుతుంటే, ఇది తన హుక్కూ సూదీ వ్యవహారమేనని ఆమెకు ఠక్కున తెలిసిపోయింది. బెల్టు వేశాక పంపన్న “సరిపోయింది, మూసెయ్యి” అన్నాడు. ఆమె మూయలేదు. చేత్తో రెండు చుట్లు తిప్పి చూడకుండా ఏ మిషనూ ఆన్ చేసే అలవాటు ఆమెకు లేదు. తిప్పి చూస్తే బెల్టు ఒక్క పన్ను తేడాగా పడి ఉంది. పంపన్న కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మళ్లీ చూశాడు. “నీకు ఇంక నేనేం చెప్పేది తాయీ” అన్నాడు. పన్నెండేళ్ల యూనిట్లో దొరకని సర్టిఫికెట్ ఆమెకు ఆ పెరట్లో దొరికింది. ఆ రాత్రి చపాతీలు చేస్తూ ఆమె పాట పాడిందని సరోజమ్మ చెబితే గానీ ఆమెకు తెలియలేదు.

తుప్పు గీకడానికి వెనక సీటు పీకి బయట పెట్టిందెప్పుడంటే ఆగస్టులో. సీటు కిందనుంచి ఒక సంసారమే బయటపడింది. పిన్నీసులు, తలపిన్నులు, వేరుశనక్కాయ పొట్టు, ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురి పాల సీసా మూత, విరిగిన గాజుల ముక్కలు. అన్నిటికంటే ఎక్కువ పిప్పర్మెంటు కాగితాలు, గుప్పెళ్లకొద్దీ. ముందు సీట్ల కింద పెన్ను క్యాపు ఒక్కటే దొరికింది. సరోజమ్మ వచ్చి ఆ కాగితాల పక్కన గొంతుక్కూర్చుంది.

“ఇవన్నీ నేను తినిందే. ఎనక కూర్చుంటే నాకు కడుపులో తిప్పుతాంటాది. ఊరు చేరేదాకా పిప్పర్మెంటు సప్పరిస్తా, కండ్లు మూసుకోని కూర్చుంటాంటి” అంది.

“మామకి చెప్పకపోయినారా అత్తా?”

“డాక్టరే చెప్పిండె, ముందర కూర్చుంటే తిప్పదమ్మా అని. మరి సంచీ యాడ పెట్టేదంటారని మీ మామని అడగలేదు.”

చెప్పి, తనే నవ్వింది. యూనీస్‌కు నవ్వు రాలేదు. పన్నెండేళ్లు ఈ సీట్లో తన పక్కన కూర్చున్న మనిషికి కడుపులో తిప్పుతోందని తనకెందుకు తెలియలేదా అనుకుంది. తన ఒళ్లో గిన్నె ఒలకకుండా చూసుకునే పనిలో పక్కకు చూడలేదు, అదే కారణం. ఆమెకు సిగ్గేసింది. అత్తగారి చెయ్యి పట్టుకుని లేపింది. అవతల సీటును కర్రతో తట్టి చూస్తున్న పంపన్న, “రేసు పిల్లోండ్లు మొదట ఇదే పీకి పారేస్తారు తాయీ. బరువు తగ్గితే బండి గాలే” అన్నాడు. అతను ఊరికే అన్నాడు. యూనీస్ ఊరికే వినలేదు.

ఆ తర్వాత పనులు చకచకా సాగాయి. సాగిపోయిన స్ప్రింగులు తీసి గట్టివి, వెడల్పు టైర్లు, కొత్త బ్రేకులు, గాలి బాగా పీల్చే ఫిల్టరు. నవంబరులో ఒక ఆదివారం తాళం తిప్పితే కారు రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. యూనీస్ కళ్లలో నీళ్లు తిరిగాయి. చప్పుడు విని టైటస్ పరుగున వచ్చాడు. నిజంగానే సంబరపడ్డాడు. బానెట్ మీద చెయ్యి వేసి నిలబడి, “ఫోటో తియ్యి. ఫోన్‌కి గ్రీసు అంటనీయొద్దు” అన్నాడు. ఆమె చెయ్యి తుడుచుకుని తీసింది. సాయంత్రానికి సంఘం గ్రూపులో ఆ ఫోటో, కింద ‘నాన్న కారుకు మళ్లీ ప్రాణం పోశాను, దేవునికి స్తోత్రం’ అని ఆయన మాట, దానికి వరసగా జోడించిన చేతుల బొమ్మలు. టైటస్ భోజనానికి కూర్చుంటూ, “ఈసారి కోత పండగకి నేనే తోల్తా. పాస్టరయ్యకి ముందర సీటు చెప్పినా. నువ్వూ అమ్మా ఎనక కూర్చోండి. చారు గిన్నె మాత్రం జాగ్రత్త” అన్నాడు.

ఆమె చారు వడ్డిస్తోంది. గరిటె ఆగలేదు. కానీ అన్నం పెట్టిన చెయ్యి, కార్బురేటర్ కడిగిన చెయ్యి, ఫోటో తీసిన చెయ్యి ఒకటేనని ఈ మనిషికి ఎలా తెలుస్తుంది? చెబితే తెలుస్తుందా? చెబితే గొడవవుతుంది, గొడవైతే తను ఏడుస్తుంది, ఏడిస్తే కారు మాట పోయి ఏడుపు మాట మిగులుతుంది. ఈ లెక్క ఆమెకు ఇరవై ఏళ్లుగా తెలుసు. ఇంకో గరిటె చారు పోసింది. మర్నాడు యూనిట్ నుంచి వస్తూ మిగిలిపోయిన జీన్స్ గుడ్డ ఓనరును అడిగి తెచ్చుకుంది.

ఆ వారమంతా ఇంట్లో మిషన్ చప్పుడు. పనయ్యాక పంచలోకి ఒక సోఫా వచ్చింది. నీలం జీన్స్ గుడ్డ, అంచున రెండు వరసల పసుపుదారం కుట్టు, కింద పొట్టి చెక్క కాళ్లు. టైటస్ దాని మీద కాళ్లు చాపుకుని పేపరు చదివి, “మెత్తగా ఉండాది. యాడ తెస్తివి?” అన్నాడు. “ఇంట్లోదే” అంది యూనీస్. అబద్ధం చెప్పాల్సిన అవసరమే రాలేదు. కారు మీద మాత్రం కొత్త కవరు కప్పి ఉంచింది. టైటస్ ఆఫీసులో ఉన్న ఒక పగలు పంపన్నను పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయటికి తోలుకుపోయింది. మూడో గేరులో కాలు కాస్త నొక్కితే వెన్ను సీటుకు అతుక్కుంది. హనోకు గారు నలభై దగ్గర కట్టేసిన పొగరు చెక్కుచెదరకుండా లోపల అలాగే ఉంది. ఆమె గట్టిగా నవ్వింది. పంపన్న కర్రను గట్టిగా పట్టుకున్నాడు.

పండుగనాడు పొద్దున్నే టైటస్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తండ్రి తోలు సంచీ చేత పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. గిన్నెలు ఎక్కిద్దామని వెనక తలుపు తెరిచాడు. తెరిచినవాడు అలాగే నిలబడిపోయాడు. వెనక అంతా చదునైన చెక్క, దానిమీద జీన్స్ పరుపు, గిన్నెలు కదలకుండా బెల్టులు. చారు గిన్నె అప్పటికే తన చోట్లో బిగించి ఉంది.

“సీటేదీ?”

“పంచలో ఉండాది. పదైదు దినాల్నుంచి మీరు పేపరు సదువుతాండేది దానిమీదనే గదా.”

టైటస్ పంచవైపు చూశాడు. మళ్లీ కారు లోపలికి చూశాడు. “మరి నువ్వూ అమ్మా యాడ కూర్చుంటారు?” అన్నాడు. పాపం, నిజంగానే అడిగాడు.

“అత్త ముందర. తోలేది నేను.”

“పాస్టరయ్యకి మాటిచ్చినా గదే.”

“అయ్యకి ఫోన్ చేస్తిని. సంఘం వ్యానులో వస్తాడంట. మీకూ చోటు పెట్టమంటి.” చివరి మాట మర్యాదగానే చెప్పింది. “మీకు ముందర సీటే.”

టైటస్ చేతిలోని సంచీ వైపు చూసుకున్నాడు. ఈలోపు సరోజమ్మ వచ్చి, “ఇట్లియ్యప్పా, ఎంతసేపని మోస్తావు” అని కొడుకు చేతిలోని సంచీ తీసుకుంది. దాన్ని వెనక చారు గిన్నె పక్కన పెట్టి, పడకుండా బెల్టు బిగించింది. ముందు తలుపు తెరుచుకుని, కొంగు సర్దుకుని కూర్చుంది. గుప్పిట్లో ఒక పిప్పర్మెంటు ఉంది.

కారు ఊరు దాటి సిరుగుప్ప దారి పట్టింది. యూనీస్‌కు మొదట చేతులు చెమట పట్టాయి, తర్వాత ఆరిపోయాయి. కాలువ పక్కన కోసిన వరి పొలాలు, ఎదురుగా మంచు విడుతున్న రోడ్డు. ఒక లారీని దాటించి నాలుగో గేరు వేసినప్పుడు ఆమెకు తన లోపల ఏమీ మూలగడం లేదని తెలిసింది. సంతోషంగా ఉంది, అంతే. పక్కన సరోజమ్మ కళ్లు పెద్దవి చేసుకుని ముందుకు చూస్తోంది.

“ఇన్నేండ్లు ఈ దారిలో మీ మామ మెడకాయే చూస్తాంటి. రోడ్డు ఇంత వెడల్పుగా ఉంటాదా?” అంది.

హచ్చొళ్ళి గుడి కనబడగానే సరోజమ్మ గుప్పిట విప్పి చూసుకుంది. కాగితం విప్పని పిప్పర్మెంటు చేతి వేడికి కాస్త మెత్తబడింది. దాన్ని ఒలిచి, గేరు మీదున్న కోడలి చెయ్యి కదపకుండా, నేరుగా ఆమె నోట్లో పెట్టింది.

“నువ్వు తినమ్మా. నాకు దీంతో పనిపడలేదు.”