చెడిపోయిన ప్లేట్లు

ల్యాబులో నా పని కణాలను పెంచడం. వాటిలోకి బ్యాక్టీరియాను ఎక్కించి, సారు ఇచ్చిన మందుకు అది చస్తుందో లేదో చూసి రాయాలి. ఏళ్ల తరబడి మానని పుండ్లలో బ్యాక్టీరియా మన కణాల్లోనే దాక్కుంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, అదన్నమాట సంగతి.

మా అక్కదీ అదే జబ్బు. కుట్టుమిషను తొక్కే కాలికి, మోకాలి కింద ఎముకలో ఆరేళ్లుగా చీము. ఆవిడ మింగని మాత్ర లేదు. తనను ఆస్పత్రికి తిప్పుతుంటేనే నాకు సారు పరిచయమయ్యారు; తన కాలు పుణ్యమా అని నాకు ఉద్యోగమైనా దొరికిందని నవ్వేది.

వానలు మొదలైతే కణాలు పెంచే నా ప్లేట్లకు బూజు పట్టేది. అది రాకుండా కాస్త ఫంగస్ మందు కలిపేదాన్ని. ఆ ప్లేట్లలో సారు ఇచ్చిన మందు వెయ్యకపోయినా బ్యాక్టీరియా చచ్చిపోయేది. నేనే ఏదో పాడుచేశాననుకుని, సారు కోప్పడతారన్న భయంతో 'చెడిపోయినవి' అని రాసి పారేసేదాన్ని. అలా రెండు వానాకాలాలు పారేశాను. అంత తెలివిగలదాన్ని.

మూడో ఏడు సారే ఆ రాతలు తిరగేసి, చెడిపోయినవన్నీ ఫంగస్ మందు కలిపినవేనని పట్టుకున్నారు. ఆ మందు కణాన్నే మార్చి, లోపల దాక్కున్నదాన్ని చంపిస్తోందేమో అన్నారు. అప్పటికే అక్క కాలు తీయడానికి ఆస్పత్రిలో తేదీ ఇచ్చేశారు. ఆ మందు ఇప్పించమని సారు కాళ్లావేళ్లా పడ్డాను. ప్లేటులో పనిచేసింది మనిషిలో చేస్తుందని ఎవరూ చెప్పలేరనీ, ఇంకా ఆగితే అక్క ప్రాణానికే ముప్పనీ అన్నారు.

కాలు తీసేశారు. రెండు రోజులయ్యాక అక్క మంచం పక్కన కూర్చుని, పారేసిన ప్లేట్ల సంగతంతా చెప్పేశాను.

“తీసేసిన నా ఎముకలో ఉన్నదాన్నే తీసుకెళ్లి చూడవే,” అంది. “ఆ మందుకు చస్తుందో లేదో తేలిపోతుంది.”

సారు ఆస్పత్రివాళ్లతో మాట్లాడి ఆ ఎముకలోని బ్యాక్టీరియాను తెప్పించారు. ఇన్నేళ్లలో ఒక మందు పనిచెయ్యకూడదని నేను కోరుకున్నది ఆ ఒక్కసారే. ఫంగస్ మందు కలిపిన ప్లేట్లను నాలుగో రోజు చూశాను. బ్యాక్టీరియా ఒక్కటీ మిగల్లేదు. బాత్రూములో కొళాయి తిప్పి, దాని చప్పుడులో ఏడ్చాను.

సాయంత్రం అక్క నా ముఖంలోకే చూస్తూ అడిగింది, ఏమైందని.

“పనిచెయ్యలేదక్కా.”

అక్క ఊపిరి పీల్చుకుంది. దగ్గరికి రమ్మని నా తల నిమిరింది.

“అయితే నీ తప్పేం లేదే,” అంది. “ఇంక ఏడవకు.”