హెన్రీ కోసం ఉపవాసం

ఈస్టర్‌కు ముందొచ్చే లెంట్ నలభై రోజులూ ఫోన్లో ఆటలు ముట్టనని సైలస్ చర్చిలో అందరి ముందూ లేచి నిలబడి మరీ చెప్పాడు. ఎవరూ అడగలేదు. నోరు ఊరుకోక చెప్పాడు. సికింద్రాబాద్ కార్ఖానా ప్రాంతంలో ఒక ఆఫీసులో గుమాస్తా, నలభై నాలుగేళ్ళ మనిషి, మాట నిలబెట్టుకోవాలనే అనుకున్నాడు. పదకొండో రోజుకే ఫోనుతో బాత్రూంలో దూరి గడియ పెట్టుకోవడం మొదలైంది.

వింత జీవాల్ని పట్టి, పెంచి, పోటీలకు దింపే పాత వీడియో గేమ్ ఒకటుంది కదా, దాన్ని ఎవరో అభిమాని సికింద్రాబాద్‌కు మార్చి, సగం కట్టి వదిలేశారు. అందులో చిలకలగూడ వంతెన సగం దాకానే ఉంటుంది. పద్మారావు నగర్‌లో దెబ్బతిన్న జీవాలకు ఆసుపత్రి ఉంటుంది గానీ తలుపు తెరుచుకోదు. సైలస్ మొట్టమొదట పట్టింది ఒక పచ్చటి కప్ప మొహం జీవాన్ని. దానికి హెన్రీ అని పేరు పెట్టుకున్నాడు. ఆ హెన్రీ దెబ్బలు తిని తిని ఒక్క చుక్క ప్రాణంతో మిగిలాడు. ఈ ఆటలో ప్రాణం పోతే పోయినట్టే, మళ్ళీ రాదు. సైలస్‌కు నిజంగానే అన్నం సహించడం లేదు.

"జెర ఓపిక పట్టు హెన్రీ," అని ఒక పొద్దున బాత్రూంలో గొణిగాడు. "పద్మారావు నగర్ ఆసుపత్రి తలుపు తెరుస్తలేరు. నేనేం చెయ్యాలె?"

బయట అతని భార్య బ్యూలా తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది.

"హెన్రీ ఎవరండీ?" అంది, అతను బయటికి రాగానే.

"మొదట్నుంచీ నాతోనే ఉన్నడు." అబద్ధం కాదు.

"పెళ్ళాం పిల్లలున్నరా?"

"లేరు. వాడికి నేనే దిక్కు."

అదీ అబద్ధం కాదు. బ్యూలా కళ్ళ నీళ్ళు పెట్టుకుని, ఆ ఆదివారమే ప్రార్థన చీటీ రాసి చర్చి పెట్టెలో వేసింది.

"సైలస్ గారి మిత్రుడు హెన్రీ," అని చదివారు పాస్టరు గారు. "ప్రాణాపాయం. పద్మారావు నగర్ ఆసుపత్రి తలుపు తెరవడం లేదట." చర్చంతా అయ్యో అంది. కీబోర్డు వాయించే అక్సా, ఇంజనీరింగ్ చదివే పిల్ల, ఉలిక్కిపడి తప్పు మెట్టు నొక్కింది. సంఘ పెద్ద జకర్యా, డెబ్బై దాటినాయన, హెన్రీ కోసం మూడు రోజులు ఉపవాసం ఉంటానని ప్రకటించాడు. సైలస్ అప్పుడే చెప్పేయాల్సింది. అవసరమైనప్పుడు మాత్రం ఆ నోరు పెగల్లేదు.

తరువాతి ఆదివారం పొద్దున్నే ఆట కొత్త వెర్షన్ వచ్చింది. సైలస్ బాత్రూంలోకి పరిగెత్తి ఆసుపత్రి తలుపు తట్టాడు. తెరుచుకుంది!

"హెన్రీ బతికిండు!" అని అరిచాడు.

ఆ కేక విన్న బ్యూలా చర్చికి వెళ్ళగానే అందరికీ చెప్పేసింది. ఆరాధన అయ్యాక జకర్యా బత్తాయిల సంచీతో ఎదురొచ్చాడు. ఉపవాసానికి బుగ్గలు లోపలికి పోయాయి.

"పద సైలస్, హెన్రీని కండ్లార చూసొద్దాం."

ఆ మొహం చూశాక సైలస్‌కు ఇక దాచబుద్ధి కాలేదు. సిగ్గుతో చచ్చిపోతూ జేబులోంచి ఫోన్ తీసి ముందు పెట్టాడు. తెరమీద హెన్రీ గంతులేస్తున్నాడు.

"లెంట్‌ల ఆటలా?" అంది బ్యూలా. "బాత్రూంల దోస్తు కోసం ఏడుస్తున్నరనుకొని నేను సుత ఏడ్చిన కదండీ!"

"ఏందయ్యా," అన్నాడు జకర్యా. "గీ కప్ప కోసమా నేను మూడు దినాలు ఛాయ్ సుత ముట్టలే?"

అప్పుడు అక్సా కీబోర్డు వదిలి వచ్చింది.

"ఆ ఆట నేనే చేసిన తాతా. ఎవరూ ఆడుతలేరని క్రిస్మస్‌కే ఆపేసిన. ఇంతమంది గా తలుపు కోసం ప్రార్థన చేస్తుంటే మనసు ఆగలే. వారమంతా కూర్చొని చేసిన."

జకర్యా కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ తీసుకుని, హెన్రీని వేలితో మెల్లగా నడిపించాడు. చిలకలగూడ దాకా వెళ్ళి ఆగాడు.

"గీ బ్రిడ్జి సగంల ఆగిందేంది బిడ్డా?"

"ఇంకా కట్టలే తాతా."

జకర్యా కుర్చీలో కూలబడి బత్తాయి ఒలవడం మొదలుపెట్టాడు.

"బ్యూలమ్మా, వచ్చే ఆదివారానికి బ్రిడ్జి కోసం చీటీ రాయి," అన్నాడు. "ఉపవాసం మటుకు గీసారి సైలస్ ఉంటడు."