బల్ల అడుగున ఎర్ర చుక్కలు

మొదట్లో నా దగ్గరున్నవి మూడే: నలభై రిజెక్ట్ చొక్కాలు, ఒక చెక్కబల్ల, మొండి ధైర్యం.

చొక్కాల కంపెనీలో చెకింగ్ అక్క ప్రతి చొక్కానూ వెలుగుకు పట్టి చూసేది. లోపమున్నచోట ఎర్ర స్టిక్కర్ అంటించి పక్కన పడేసేది. ఆ స్టిక్కర్‌తోనే అమ్మాలి, తీసేస్తే మళ్ళీ సరుకివ్వరు. అది షరతు. చుక్క కనబడితే బేరం చెడుతుందని నేను అన్నీ పీకి బల్ల అడుగున అంటించేశాను. రెండు రోజుల్లో ఇరవై మూడు పోయాయి.

మూడోనాడు రిటైరైన మాస్టారొకరు కొన్న చొక్కా తొడుక్కునే వచ్చారు. ఎడమ చెయ్యి రెండంగుళాలు పొట్టి.

"ఏమోయ్, నా చేతులు ఎచ్చుతగ్గులని ఎవరు చెప్పారు నీకు?"

"రిజెక్ట్ సరుకండీ మాస్టారూ, అందుకే చవక."

"రిజెక్టంటే లాటిన్లో వెనక్కి విసరడం. విసిరినవాళ్ళు ఎందుకు విసిరారో చెప్పాలా వద్దా? కంపెనీనే అడుగుతాను."

అడిగితే నా సరుకు ఆగిపోతుంది. ఒక్కరోజు గడువడిగి, మిగిలిన పదిహేడు చొక్కాలూ మూటగట్టి అక్క దగ్గరికి పరుగెత్తాను. మాస్టారి సంగతంతా చెప్పాను. ఏ స్టిక్కర్ ఏ చొక్కాదో నాకే తెలియదు.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టావా తమ్ముడూ?" అంటూనే అక్క ఒక్కొక్కటీ వెలుగుకు పట్టి కొత్త చుక్కలు పెట్టింది. "ఇవి పనికిరానివి కాదు, అడిగిన కొలతకు రానివి. ఆ మాట చెప్పి అమ్మడానికి నోరు నొప్పా?"

పదిహేడోది మూడుసార్లు తిరగేసి ఆగింది. పక్క బల్ల దగ్గరున్న సూపర్‌వైజర్ వైపు ఓసారి చూసి గొంతు తగ్గించింది.

"దీంట్లో ఏమీ లేదు. అంటుకున్న నల్లపోగును మరకనుకున్నాను. మాస్టారికిచ్చెయ్. నీ తప్పు నేను చెప్పను, నాది నువ్వు చెప్పకు."

మాస్టారు దాన్ని అటూ ఇటూ తిప్పారు.

"దీనికేం రోగం?"

"ఏమీ లేదండీ."

"మరి ఎందుకు విసిరారు?"

"నాకు చెప్పలేదండీ."

ఆయన చొక్కా మార్చుకుని వెళ్లిపోయారు.

చివరికి తేలింది ఇది. పదహారు చొక్కాలు చుక్కలతోనే అమ్ముడయ్యాయి. బేరాలాడారు గాని, ఎవరూ వెనక్కి తేలేదు. సరుకు ఆగలేదు. పొట్టిచెయ్యి చొక్కా నేనే తొడుక్కుంటున్నాను. బల్ల అడుగున నలభై పాత చుక్కలు అలాగే ఉన్నాయి. వాటిలో ఒకటి ఏ లోపానిదీ కాదు. అది ఏదో అక్కకీ తెలియదు.