రాయి లేని చోటు

మా పల్లెలో పోయినవాళ్ళకి ఇసక దిబ్బే దిక్కు. అది బాపట్ల నుంచి సముద్రం వైపు వచ్చే రోడ్డు ఆగిపోయిన చోట ఉంది. పోయిన వానాకాలం జ్వరమొచ్చి చనిపోయిన నా కూతురు కావేరిని అక్కడే పూడ్చాం. ఆ దిబ్బని రొయ్యల చెరువు చేస్తానని మా ఊరి ఆసామి బసవేశ్వరరావుగారు పొక్లెయిన్ దింపితే నా కడుపు మండదా మరి? వాళ్ళ తాతల నాటి భూమట. సముద్రం కూడా వాళ్ళ తాతలే తవ్వించి ఉంటారు.

దిబ్బ అంచు తవ్వగానే పెద్ద రాతిపలకలతో పెట్టెలా కట్టిన సమాధి బయటపడింది. అందులో తుప్పు పట్టిన కత్తి, ఎర్ర పూసలు. చుట్టూ ఉత్త మట్టికుండలు, వాటిల్లో ఎముకలు. కత్తినీ పూసల్నీ ఆయన పట్టుకుపోయి హాల్లో అద్దాల బీరువాలో పెట్టించాడు. అప్పట్నుంచి వచ్చినవాళ్ళందరికీ ఒకటే పాట, ఇక్కడ ఏలిన రాజు మా వంశంవాడేనని. కుండలు ఎవడికి కావాలి? మా అత్త రత్తమ్మ పనివాళ్ళని బతిమాలి వాటిని మా వలల పాకలో పెట్టించింది.

నేను బాపట్ల వెళ్ళి, కాలేజీలో చరిత్ర చెప్పే సాహితిగారి కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆవిడ వచ్చి రాతిపలకలు తడిమి చూసింది. ఈ చుట్టుపక్కల రాయే దొరకదు, ఇంత బరువు దూరం నుంచి మోయించుకున్నాడంటే ఇందులో పూడ్చినవాడి మాటకి ఎదురుండేది కాదని చెప్పింది. మిగతావాళ్ళకి కుండే గతి. అప్పుడూ మోసింది మాలాంటివాళ్ళే అయ్యుంటారన్నాను. ఆవిడ నవ్వలేదు.

"ఉత్త పలకలైతే ఏ పాత తొట్టివో అనేస్తారు. కత్తి ఒక్కటే అయితే ఆయన ఎక్కడిదంటే అక్కడిదవుతుంది తులసమ్మా. ఆ కుండలు, ఎముకలు చూపిస్తే ఇది పాత శ్మశానమని తేలుతుంది. పని ఆపించగలను," అంది.

ప్రాణం లేచొచ్చింది. ఆవిణ్ణి వెంటబెట్టుకుని పాకకి పరిగెత్తాను. వలలున్నాయి, కుండలు లేవు. అత్త తడిచీరతో గడపలో కూర్చుని ఉంది. పొద్దున్నే తలంటు పోసుకుని, ఎముకలకి పసుపు కుంకుమ చల్లి, పడవలో తీసుకెళ్ళి సముద్రంలో కలిపేసిందట. కుండలు పగలగొట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసిందట. బయటపడ్డ ఎముకలకి మాలో అదే పద్ధతి.

"ఒక కుండలో చంటిపిల్ల ఎముకలున్నాయే. ఎవరు కన్న బిడ్డో, అలా పాకలో ఉంచితే నిద్రపట్టలేదు. సాగనంపాను," అంది.

ఆమెని ఏమని తిట్టను? అయినా తిట్టాను. నోటికొచ్చిందల్లా తిట్టాను. సాహితిగారు తలవంచుకుని వెళ్ళిపోయింది.

ఇక మిగిలింది బసవేశ్వరరావుగారే. కత్తి దొరికింది దిబ్బలోని సమాధిలోనేనని ఒక్క మాట చెప్పమని గుమ్మంలో నిలబడి దణ్ణం పెట్టాను. ఆయన కోప్పడలేదు, మంచినీళ్ళు కూడా ఇప్పించాడు. ఆ కత్తి ఎప్పట్నుంచో తమ ఇంట్లోనే ఉందని, పక్కనే ఉన్న అద్దాల బీరువా వంక చూస్తూ చెప్పాడు.

"నేనేం రాక్షసుణ్ణి కాదమ్మా. రేపు పొద్దున్నే వచ్చి మీ పిల్లని తీసుకెళ్ళిపో. అప్పటిదాకా మిషను ఆపిస్తాను," అన్నాడు.

తెల్లారగానే పార పట్టుకుని దిబ్బ ఎక్కాను. అత్త కొత్త కుండ కొని, పసుపు రాసి, చంకన పెట్టుకుని వెంట వచ్చింది. మాలో గోరీలు కట్టరు, రాళ్ళు పెట్టరు. పూడ్చిన చోట కర్ర పాతినా పాపమే అంటారు. పిల్లని పూడ్చినరోజు ఏడుపులో నేను చుట్టుపక్కల ఏముందో కూడా చూసుకోలేదు. పైగా పొక్లెయిన్ తిరిగి తిరిగి దిబ్బ రూపమే మార్చేసింది. ఒకచోట తవ్వాను, ఇసకే. ఇంకోచోట తవ్వాను. పార పడేసి చేతులతో తోడాను. గోళ్ళలోంచి రక్తం కారుతున్నా ఆగలేదు. అవతల ఆ రాతిపలకలు మాత్రం ఎక్కడివక్కడే నిలబడి ఉన్నాయి.

పొక్లెయిన్ డ్రైవరు ఇంజను వేసుకుని కూర్చున్నాడు. పాపం, తొందరపెట్టలేదు.

అత్త కుండ కింద పెట్టి, నా పక్కన కూలబడి తనూ ఇసక తోడడం మొదలెట్టింది.

"ఎక్కడే, ఎక్కడ తవ్వమంటావే?" అని అడిగింది.

నాకు తెలియలేదు.