ఆమని అరచేతుల పత్తి

“ఆమనీ! ఓ ఆమనీ! గా మోత ఏందే? అంబులెన్స్ మన ఇంట్లకే వచ్చిందా?”

వంటింట్లోంచి ప్రమోదిని కేకేసింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే, పక్కన కూర్చొని దీపానికి వత్తులు చేస్తోంది.

కూతురు పక్క గదిలో ఉంది. ఆమని చేతిలో ఫోన్ ఎర్రగా మండుతూ సైరన్ కూస్తోంది. పాట ఒకటి ఊరికే దించుకుందామని ఏదో సైటు తెరిచింది, అంతే. ‘మీ ఫోన్‌లో వైరస్‌లు దొరికాయి. వెంటనే ఈ నంబర్‌కు కాల్ చెయ్యకపోతే మీ ఫోటోలన్నీ మీ కాంటాక్టులకు వెళ్లిపోతాయి’ అని తెర నిండా అక్షరాలు. కింద అంకెలు తరిగిపోతున్నాయి.

ఫోటోలన్నీ అంటే ఆమెకు గుర్తొచ్చింది ఒక్కటే. కుంటాల జలపాతం తుంపరలో తడిసి, ఆమె భుజం మీద చెయ్యేసి బెంజమిన్ నవ్వుతున్న ఫోటో. జిన్నింగ్ మిల్లులో పత్తి తూచే కాంట దగ్గర కంప్యూటర్ చూసే బెంజమిన్. పత్తి బండ్ల నడుమ అతను ఒక్కసారి తలెత్తి చూస్తే, ఆదిలాబాద్ మొత్తం మెల్లగా ఊపిరి తీసుకున్నట్టుండేది ఆమెకు. ఆ ఫోటో ఇప్పుడు తండ్రి ఫోన్‌కు పోతుంది. బాపు ఈ వేళకు మార్కెట్లో పదిమంది నడుమ కూర్చొని ఉంటాడు. కరీంనగర్ మేనత్తకు పోతుంది. ఆమెకు పోతే ఇక దేశానికంతా పోయినట్టే.

అరచేతుల్లోంచి పత్తి రావడం మొదలైంది.

ఆమనికి చిన్నప్పటి నుంచీ అంతే. ఏదన్నా దాస్తే అరచేతుల్లో పత్తి ఊరుతుంది. దొంగచాటుగా జామకాయ తిన్ననాడు ఒక వత్తికి సరిపోయేంత వచ్చింది. పొద్దున్నే పక్క మీద రాలినదంతా ప్రమోదిని ఏరి వత్తులు చేస్తుంది. “మీ ఆమని పత్తి సన్నగ కాల్తది” అని వాడకట్టు ఆడవాళ్లు అడిగి పట్టుకుపోతారు. ఈ దసరా నుంచి మాత్రం వత్తులు పోను తల కింద పెట్టుకునే మెత్తలు రెండు నిండాయి. ప్రమోదిని వాటికి గలీబులు కుట్టింది, కూతుర్ని ఏమీ అడగలేదు. అడిగితే ఆగే పత్తి కాదది, చెబితేనే ఆగుతుంది.

ఆమని ఆ నంబర్ నొక్కింది.

“మేడం, కంగారు పడకండి. మీ ఫోన్‌ని మేం కాపాడతాం. ఒక యాప్ పంపిస్తున్నా, ఇన్‌స్టాల్ నొక్కండి. త్వరగా మేడం! ఇంట్లోవాళ్లకు మాత్రం చెప్పకండి.”

నొక్కబోయింది. వేలికీ తెరకీ మధ్య పత్తి. తుడిచింది. మళ్లీ పత్తి. అది మోచేతులు దాటి, మెడ మీదుగా చెవుల్లోకి పాకింది. సైరన్ ఎక్కడో దూరమైపోయింది. మేడం మేడం అనే గొంతు బావిలో మునిగిపోయింది. ఆ నిశ్శబ్దంలో బెంజమిన్ మాట వినిపించింది. కాంట కంప్యూటర్ ఒకనాడు ఇట్లాగే మొత్తుకుంటే అతను నవ్వాడు.

“సైటుకు మన లోపల ఏమున్నదో ఎట్ల కనబడ్తది? తలుపవతల నిలబడి ‘మీ ఇంట్ల దొంగలు వడ్డరు, తలుపు తియ్యిండ్రి’ అని ఒర్లినట్టే గిది. నువ్వు తీస్తెనే వాడు లోపలికొస్తడు. దాంట్ల ఒక్క బటన్ ముట్టకు. పేజీ మూసెయ్యి, అయిపాయె.”

ఆమని కాల్ కట్ చేసింది. ఈసారి పత్తి వేలికి అడ్డం రాలేదు. ఆ పేజీ మూసేసింది. సైరన్ ఆగింది. కుంటాల ఫోటో ఎక్కడిదక్కడే ఉంది, ఎవరికీ పోలేదు.

తలెత్తితే గుమ్మంలో ప్రమోదిని. గది నిండా మోకాళ్ల దాకా పత్తి.

“ఏమైందే?”

“ఫోన్ల వైరస్ వడ్డదని బెదిరిచ్చిండ్రవ్వా. పరేషాన్ల ఆ నంబర్‌కు ఫోన్ గూడ చేసిన. యాప్ మాత్రం ఎక్కియ్యలే. వైరస్ లేదు, ఏం లేదు. ఉత్త అబద్ధం.”

“అబద్ధమని నీకు ఎవలు చెప్పిండ్రు?”

‘కాలేజీల సారు’ అందామనుకుంది. నాలుక మీద పత్తి పొర కట్టింది. ఇంట్లోవాళ్లకు చెప్పకండి అన్న గొంతు మళ్లీ చెవిలో తిరిగింది. దాచుకున్నది ఉందనే కదా అంత భయం!

“బెంజమిన్ చెప్పిండు. కాంట కాడి బెంజమిన్, అహరోను కొడుకు.”

పత్తి తగ్గింది. ప్రమోదిని ఆ తెల్లటి గుట్టలోంచి నడిచొచ్చి, బిడ్డ చేతులు రెండూ తిప్పి చూసింది. ఎడమ చిటికెన వేలి కింద ఒక్క పింజ ఇంకా ఊరుతోంది.

“మూడో మెత్తకు నా తాన గలీబు లేదు,” అంది మెల్లగా. “మిగిలింది గూడ చెప్పు.”

ఆమని కళ్లు మూసుకుంది.

“అతన్నే చేసుకుంటనవ్వా. మాటిచ్చిన.”