మూడు పంపితే ఆరు

మార్కాపురం బస్టాండు ఎదురుగా రాఘవమ్మకు జిరాక్సు దుకాణం ఉంది. అందులో ఒక మూల బల్ల దగ్గర ఏడు నెలలుగా ప్రసన్న కూర్చుంటోంది. ప్రసన్నది పుల్లలచెరువు అవతల అడవి అంచున ఒక పల్లె. తండ్రి నాగయ్య గొర్రెలు మేపుతాడు. బీటెక్ పూర్తయ్యాక ఇంటి దగ్గర సిగ్నల్ అందక, ఏం చేయాలో తోచక తిరుగుతున్న రోజుల్లో ఆమె రెజ్యూమె ప్రింటు కోసం ఈ దుకాణానికి వచ్చింది. రాఘవమ్మ రెండు మాటలు అడిగి సంగతి తెలుసుకుంది.

"పొద్దున బస్సుకు రా, సాయంత్రం బస్సుకు పో. నెట్టు ఇక్కడ ఎట్లాగూ ఉండేదే గదా" అన్నది. ఆమె ప్రసన్నకు చుట్టం కూడా కాదు.

అక్కడ కూర్చునే ప్రసన్న ఒక నెట్‌వర్కు సాఫ్ట్‌వేర్‌కు పనిచేయడం మొదలుపెట్టింది. దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, ఎవరైనా బాగుచేయవచ్చు. నెట్‌లో సమాచారం ముక్కలు ముక్కలుగా, ప్యాకెట్లుగా వస్తుంది. ఎన్ని వచ్చాయి, పాడైనవని ఎన్నిటిని వదిలేశాం అని ఆ సాఫ్ట్‌వేర్ లెక్క ఉంచుతుంది. ఆ లెక్క సరిగ్గా ఉందో లేదో చూసే యూనిట్ టెస్టులు మాత్రం ఎవరూ రాయలేదు. పేరు రాని పని. ప్రసన్న దాన్నే అడిగి తీసుకుంది.

మొదటి పదకొండు టెస్టులు సాఫీగా నెగ్గాయి. పన్నెండోది మొండికేసింది. మంచి ప్యాకెట్లు అయిదు, పాడైనవి మూడు పంపితే, వదిలేసినవి ఆరని సాఫ్ట్‌వేర్ చూపించింది. ప్రసన్న రెండు రోజులు తను రాసిన టెస్టు కోడ్‌నే తిరగేసింది. ఏళ్ల తరబడి అనుభవజ్ఞులు రాసింది తప్పవుతుందా? తప్పు తనదే అయి ఉంటుందనుకుంది. చివరికి విసిగిపోయి, టెస్టులో జవాబు మూడు రావాలని ఉన్నచోట ఆరు అని మార్చింది. తెర మీద టెస్టు నెగ్గిందని ఆకుపచ్చరంగు వచ్చింది. హాయిగా ఊపిరి తీసుకుంది.

టీ గ్లాసుతో వచ్చిన రాఘవమ్మ ఆమె మొహం చూసింది. "ఏంది, కుదిరిందా?"

ప్రసన్న జరిగింది చెప్పింది.

"నువ్వు ఎన్ని పంపినావు?"

"మూడే అత్తా."

"మరి ఆరని ఎందుకు రాసినావు?"

"అది ఆరంటోంది గదా."

"అది అంటే? దాన్ని పరీక్షించేదానివి నువ్వా, నిన్ను పరీక్షించేది అదా?"

ప్రసన్నకు సిగ్గేసింది. ఆరు కొట్టేసి మళ్లీ మూడు రాసింది. టెస్టు ఓడిపోయిన ఎర్రరంగుతోనే, తనకు అర్థం కాలేదని ఒప్పుకుంటూ సాఫ్ట్‌వేర్ వాళ్లకు పంపింది.

మర్నాడు మధ్యాహ్నం ఆ సాఫ్ట్‌వేర్ బాధ్యత చూసే ఉమ నుంచి జవాబు వచ్చింది. టెస్టు సరైనదే, తప్పు మా కోడ్‌లో ఉంది, పాడైన ప్యాకెట్‌ను రెండు చోట్ల లెక్కపెడుతున్నాం, నాలుగేళ్లుగా ఎవరూ చూడలేదు అని రాసింది. దిద్దే పని కూడా నువ్వే చెయ్యి అంది. ప్రసన్న పంపిన సవరణను ఉమ మూడుసార్లు తిప్పి పంపింది. ప్రతిసారీ ఎందుకో ఓపికగా వివరించింది, ఒక్క పరుషమైన మాట లేదు. ముఖం కూడా చూడని మనిషి తన కోసం ఇంత సమయం పెట్టినందుకు ప్రసన్న మనసు నిండిపోయింది.

నాలుగోసారి సవరణ పంపేటప్పుడు, సలహా ఇచ్చినవాళ్ల పేరు రాసే వరుసలో 'రాఘవమ్మ, మార్కాపురం' అని చేర్చింది. ఉమ ఆ వరుసను అలాగే ఉంచి, సవరణను ఒప్పుకుంది. ఆమెకు నా నమస్కారాలు చెప్పు అని కింద రాసింది.

ప్రసన్న తెరను రాఘవమ్మ వైపు తిప్పి చూపించింది. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంది.

"నాదేనా? ఇది ఎవరు చూస్తారు?"

"ఎవరైనా చూడొచ్చు అత్తా. ఏ దేశంలో ఉన్నా సరే. నువ్వు ఆ రోజు అట్ల అడక్కపోతే తప్పు తప్పుగానే ఉండేది. నువ్వు చోటివ్వకపోతే నేనిక్కడ ఉండేదాన్నే కాదు."

రాఘవమ్మ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది.

"ఇంటిపేరు రాయకపోతివే. మార్కాపురంలో ఎంతమంది రాఘవమ్మలు లేరు?"

ఆధార్ కార్డు జిరాక్సుకు వచ్చిన మస్తానమ్మను బల్ల దగ్గరికి పిలిచి, ఆ పేరు చూపించి, అది తనేనని చెప్పాకే కార్డు చేతికి తీసుకుంది.