ఫ్రిజ్‌లో తాళాలు

రికార్డింగ్ మొదలుపెట్టే ముందు ఓరిన్ ఫ్రిజ్ ఆపేసేవాడు. దాని రొద మైకులో పడకూడదు. ఆపి, కారు తాళాలు అందులో పెట్టేవాడు. బయటికి వెళ్లేటప్పుడు తాళాల కోసం తలుపు తీస్తే మళ్లీ స్విచ్ వెయ్యడం గుర్తొస్తుందని. వాళ్లుండే అమెరికా ఊరు డులూత్‌లో ఇంట్లో రికార్డు చేసుకునేవాళ్లంతా చేసేది ఇదే. అయినా వాళ్లింట్లో ఏడాదికి రెండుసార్లు పాలు విరిగేవి.

ఆ వారం రికార్డు చేస్తున్నది అతని భార్య వెర్లా గొంతు. ఇరవై ఆరేళ్లుగా ప్రతి శనివారం ఊరి డాన్సు హాల్లో నలుచదరంగా నిలబడి ఆడే జంటలకి ఏ అడుగు ఎటు వెయ్యాలో పాడి చెప్పేది ఆమే. సోమవారం మెడకి ఆపరేషన్. కోత గొంతు నరం పక్కనే పడుతుంది, మాట మళ్లీ వస్తుందో రాదో చెప్పలేనన్నాడు డాక్టరు. రాకపోతే హాలుకి రికార్డయినా మిగలాలని వెర్లా పట్టు.

ఓరిన్ ముందు కంప్యూటర్లో ఉన్న సౌండ్ కార్డుతోనే తీశాడు. విని వెర్లా మొహం చిట్లించింది.

"ఇది నేనేనా? రేకు డబ్బాలో కూర్చుని అరుస్తున్నట్టుంది. వెనకాల ఆ జుయ్యిమనేదేమిటి?"

"కంప్యూటర్ ఫ్యాను. కార్డు దాని పక్కనే ఉంటుందిగా, ఆ గోలంతా అంటుకుంటుంది."

పక్కింటి లోవెల్ తన కన్వర్టర్ పెట్టె తెచ్చిచ్చాడు. కంప్యూటర్‌తో పొత్తు లేకుండా విడిగా, సొంత కరెంటుతో పనిచేసే ఇనప పెట్టె. గొంతుని అంకెలుగా మార్చి దాస్తుంది, అడిగితే అంకెల్ని గొంతుగా మార్చి ఇస్తుంది. కార్డు చేసే పనీ అదే. కానీ ఈ మహాతల్లి ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగిస్తుంది, రవ్వంత కూడా తినదు. అలాంటి నిజాయితీ మనుషుల్లోనే అరుదు.

"జాగ్రత్తరా," అన్నాడు లోవెల్. "మా పిన్ని ఉల్లిపాయలు తరుగుతూ దీంట్లో మాట్లాడింది. అది వేస్తే ఇప్పటికీ ఇంటిల్లిపాదికీ కళ్లు మండుతాయి."

"అయితే కాఫీ తాగే పాడతాను," అంది వెర్లా. బయటి చప్పుడు పడకుండా కోట్లు తగిలించే అలమరాలో దూరి, రెండు గంటలు పాడింది.

ఆపరేషన్ గాయం మానింది. మాట రాలేదు. శనివారాలు హాల్లో రికార్డే పాడేది, వెర్లా మాత్రం ఆ వైపు వెళ్లేది కాదు. ఏడో వారం, శనివారం మధ్యాహ్నం, కాగితం మీద రాసి చూపించింది: "నన్ను ఒకసారి వినిపించు."

ఓరిన్ అలవాటు కొద్దీ ఫ్రిజ్ ఆపి తాళాలు లోపల పడేశాడు. కంగారులో సౌండ్ కార్డుతో తీసినది నొక్కబోయాడు. వెర్లా అతని చెయ్యి పట్టుకుని ఆపి, పెట్టె వైపు చూపించింది. ఆ ఫ్యాను రొద జన్మంతా మోసే ఉద్దేశం ఆమెకి లేదు.

స్పీకర్లోంచి పాట వచ్చింది. పాటతో పాటు వెచ్చటి ఊపిరి, అందులో కాఫీ వాసన. వెర్లా స్పీకర్ దగ్గరగా వంగి, నోరు తెరిచి, దాహంతో ఉన్నదానిలా ఆ ఊపిరంతా గుటకలు గుటకలుగా మింగింది. పాట అయిపోయింది. ఓరిన్‌కి ఆమె మొహం చూసే ధైర్యం లేకపోయింది.

"ఓరిన్," అంది వెర్లా, గొంతు సవరించుకుని. "ఫ్రిజ్ వెయ్యి. పాలు విరుగుతాయి."

అతను ఏడుస్తూ పరిగెత్తి తలుపు తీశాడు. తాళాలు చల్లగా చేతికి తగిలాయి. హాలు తెరిచే వేళ అయింది. ఆ తొందరలో ఇద్దరూ కారెక్కి వెళ్లిపోయారు. పాలు విరిగిపోయాయి.